ఊదుడు పరీక్ష స్లిప్పులు ఎన్నాళ్లు దాచాలి?

ప్రశ్న: సార్, విశాఖలో ఒక సైడింగ్‌లో (మెయిన్ లైన్ పక్కనుండే రైలు పట్టాలు) షంటింగ్ పని, అంటే వ్యాగన్లని అటూ ఇటూ జరిపి కలిపే పని, చూసే కాంట్రాక్టరు దగ్గర నేను ఆఫీసు పని చేస్తాను. డ్యూటీ ఎక్కే ప్రతి ఒక్కరి చేతా బ్రెత్ అనలైజర్‌లో (ఊపిరిలో మద్యం ఎంతుందో చూపే మెషీన్) ఊదిస్తాం. పాసైనవాళ్ల స్లిప్పులు నెలాఖరుకి పారేసి, ఫెయిలైనవి మాత్రమే ఫైల్లో పెడుతున్నాం. మొన్న ఒకతను తాను తాగలేదని, మెషీనే తప్పు చూపించిందని గొడవపడ్డాడు. స్లిప్పు తప్ప మా దగ్గర ఇంకేమీ లేదు. ఏమేం దాచాలి?
– మర్రిపాలెం పాఠకుడు

జవాబు: ముందు ఆ పారేయడం ఆపండి. ఫెయిలైన స్లిప్పు ఒక్కటే ఉంటే అది ఆరోపణ మాత్రమే. అదే మెషీన్‌లో ఆ పూట ఊదిన మిగతావాళ్లకి సున్నా వచ్చిందని చూపించగలిగితేనే దానికి బలం. తాగనివాడిని కాపాడేది కూడా ఆ పాసైన కాగితాలే, ఎందుకంటే రేపు ఏదైనా ప్రమాదం జరిగితే ఆ రోజు అతను శుభ్రంగానే డ్యూటీ ఎక్కాడని ఇంకెవరు చెప్తారు?

కాలపరిమితి మీకూ రైల్వేకీ ఉన్న ఒప్పందంలో రాసి ఉందేమో మొదట చూడండి, ఉంటే అదే పాటించండి. లేకపోతే అమెరికా పద్ధతి పనికొస్తుంది. అక్కడ రైలురోడ్లతో పాటు రవాణా శాఖ కిందకొచ్చే సంస్థలన్నీ 0.02 (210 లీటర్ల ఊపిరిలో ఇన్ని గ్రాముల ఆల్కహాల్ అని లెక్క), అంతకంటే ఎక్కువ రీడింగ్ వచ్చిన పరీక్షల రికార్డులు, పరీక్షకి నిరాకరించినవాళ్ల రికార్డులు 5 ఏళ్లు దాచాలి. మెషీన్ తనిఖీ, క్యాలిబ్రేషన్ (మెషీన్ సరిగ్గా చూపిస్తోందో లేదో సరిచూడటం) కాగితాలు 2 ఏళ్లు, 0.02 లోపు వచ్చినవి కనీసం 1 ఏడాది, రైలురోడ్లయితే ఆ పరీక్ష ఫారాలు 2 ఏళ్లు. నన్నడిగితే క్యాలిబ్రేషన్ కాగితాలు కూడా 5 ఏళ్లు ఉంచేయండి, ఫెయిలైన స్లిప్పు ఉన్నన్నాళ్లూ దాని వెనకాల మెషీన్ సర్టిఫికెట్ ఉండాల్సిందే కదా.

ఇంకోటి, చాలామంది పట్టించుకోనిది. ఆ స్లిప్పులు వచ్చేది థర్మల్ పేపర్ మీద, అంటే సిరా లేకుండా వేడితో అక్షరాలు పడే కాగితం. మన విశాఖ ఉక్కపోతకి టేబుల్ సొరుగులో కొన్ని నెలలు పడి ఉంటే అక్షరాలు వెలిసిపోతాయి, ప్లాస్టిక్ కవర్లో పెడితే ఇంకా త్వరగా. అందుకని ఏ రోజు స్లిప్పుకి ఆ రోజే జిరాక్స్ తీసి, మెషీన్ సీరియల్ నంబరు, ఊదించినవాళ్ల సంతకం, ఊదినవాళ్ల సంతకం దాని మీదే తీసుకోండి. మెషీన్ గడియారం కూడా రోజూ చూడాలి. సైన్ ఆన్ (డ్యూటీ ఎక్కేటప్పుడు సంతకం పెట్టే) రిజిస్టర్లో 6:00 అని ఉండి స్లిప్పు మీద 5:20 అని పడితే మీ కేసు అక్కడే పోతుంది.

ఫెయిలైతే వెంటనే పంపించేయకుండా కనీసం 15 నిమిషాలు ఏమీ తిననివ్వకుండా, తాగనివ్వకుండా కూర్చోబెట్టి మళ్లీ ఊదించండి, రెండు స్లిప్పులూ కలిపి పిన్ చేయండి. అమెరికాలో రెండో పరీక్ష మొదటిదాని తర్వాత 30 నిమిషాల లోపు చేయాలని నియమం. ఆ ఫైలు బీరువాలో తాళం వేసి పెట్టండి, వాట్సాప్ గ్రూపులో మాత్రం ఎవరి రీడింగూ పెట్టకండి. ఒక మనిషి పరువు, అన్నం రెండూ అందులో ఉన్నాయి.

ప్రశ్న: మా ఆయన లోకో పైలట్. హోమియో చుక్కలు వాడుతున్నారు. ఊదినప్పుడు తేడా వస్తుందేమోనని నాకు టెన్షన్‌గా ఉంది.
– తాటిచెట్లపాలెం నుంచి ఒక సోదరి

జవాబు: అమ్మా, చాలా హోమియో చుక్కల్లో ఆల్కహాల్ ఉంటుంది. నోట్లో మిగిలిన ఆల్కహాల్ పావుగంటలో మామూలుగా పోతుంది కాబట్టి సైన్ ఆన్‌కి ముందు మాత్రం వేసుకోవద్దనండి. రైల్వే జనరల్ రూల్ 2.09 ప్రకారం రైళ్లు నడిపేవాళ్లు డ్యూటీకి ముందు 8 గంటల్లో మద్యమే కాదు, మత్తు కలిగించే మందులూ పుచ్చుకోకూడదు, దగ్గు సిరప్‌ల విషయంలో ఇది గుర్తుంచుకోవాలి. వాడే మందుల చీటీ ఈలోపే రైల్వే డాక్టరుకి చూపించి, ఏది వాడొచ్చో కాగితం మీద రాయించుకోమనండి.