లేసు డిజైన్లకి కొత్త ఆలోచనలు ఎక్కడ దొరుకుతాయి?

లేసు అల్లడం బాగా వచ్చు, కానీ ఏ డిజైన్ మొదలుపెట్టినా ఎక్కడో చూసినట్టే ఉంటోందని రాశారు. సైన్సు, ప్రకృతి, బొమ్మలు, సాహిత్యం నుంచి స్ఫూర్తి తీసుకోమని అందరూ అంటున్నారు గానీ, ఎలా తీసుకోవాలో ఎవరూ చెప్పడం లేదని కూడా అడిగారు. మాది నరసాపురం పక్కన పల్లెటూరు. అమ్మమ్మ కాలం నుంచీ మా ఇంట్లో లేసు పనే. నాకు తెలిసిన దారి చెప్తానండి.

పువ్వుని చూసి దాని ఆకారాన్ని దారంలోకి దించితే అది మళ్లీ అందరూ అల్లే పువ్వే అవుతుంది. ఆ ఆకారం అలా ఎందుకు వచ్చిందో, ఎలా పెరిగిందో పట్టుకోండి. ఆ పెరిగే పద్ధతిని అల్లికలోకి తెచ్చుకుంటే, ఏం వస్తుందో మీరే ముందుగా చెప్పలేరు.

నాకు ఈ సంగతి కోడిజుట్టు పువ్వు వల్ల తెలిసింది. మన వైపు పెరళ్లలో ఉంటుంది కదా, ఎర్రగా, మడతలు మడతలుగా. మామూలు మొక్కకి కొమ్మ చివర పెరిగే చోటు చుక్కంత ఉంటుంది. ఈ మొక్కలో ఆ చుక్క సాగి గీత అవుతుంది. పై అంచు పొడవు పెరుగుతూనే ఉంటుంది, కింద కాడలో అంత చోటు ఉండదు, అందుకే మడతలు పడతాయి. ఇది చదవగానే నాకు లేసే గుర్తొచ్చింది. గుండ్రటి పువ్వు మొదటి వరసలో 12 పొడుగు కుట్లు వేసి, ఆ తర్వాత వరస వరసకీ 12 చొప్పున పెంచుకుంటూ పోతే చదునుగా వస్తుంది. అంతకన్నా తక్కువ పెంచితే మధ్యలో గుంట పడుతుంది. ఎక్కువ పెంచితే అంచు ఎగుడుదిగుడుగా పైకి లేస్తుంది. అలా లేచిన ముక్కని మా దగ్గర లేసు కొనే ఏజెంట్లు తీసుకోరు, విప్పి మళ్లీ అల్లాల్సిందే.

మనం పనికిరాదని విప్పేసే ఆ అంచు గణితంలో చాలా గొప్ప విషయమండి. హైపర్బోలిక్ తలం అని ఒకటుంది, అంటే చదునుగా పరవడానికి కావలసిన దానికన్నా అంచు ఎక్కువై, ఎక్కడ చూసినా ఎగుడుదిగుడుగా వంగే తలం. దాన్ని లెక్కల్లో రాయగలరు గానీ చేత్తో పట్టుకుని చూడటం కష్టం. కాగితం ముక్కలు అతికించి చేసిన నమూనాలు ఇట్టే చిరిగిపోయేవి. 1997లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో దైనా తైమినా అనే గణిత అధ్యాపకురాలు దాన్ని క్రోషేతో, అంటే మన కొక్కెం సూది అల్లికతోనే, అల్లి చూపించారు. ఆవిడ పద్ధతి చాలా సులువు: ప్రతి వరసలోనూ ఇన్ని కుట్లకి ఒక కుట్టు చొప్పున, ఒకే నిష్పత్తిలో పెంచుకుంటూ పోవడం. తర్వాత 2005లో మార్గరెట్, క్రిస్టీన్ వెర్థైమ్ అనే అక్కచెల్లెళ్లు ఇదే పద్ధతితో పగడపు దిబ్బలు అల్లడం మొదలుపెట్టారు. ఎన్నో దేశాల ఆడవాళ్లు అందులో చేయి కలిపారు. నేల మీది కోడిజుట్టు పువ్వులో, సముద్రంలోని పగడంలో, మా అమ్మమ్మ విప్పేసిన ముక్కలో ఉన్నది ఒకటే లెక్క అని తెలిసిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

సాహిత్యం అంటే నాకు ముందు గుర్తొచ్చేవి పొడుపుకథలే. 'చిటారు కొమ్మన మిఠాయి పొట్లం' అంటే తేనెపట్టు అని చిన్నప్పుడు అందరం చెప్పినవాళ్లమే. ఒక వస్తువుని పేరు తీసేసి చూడటం పొడుపుకథ నేర్పుతుంది. డిజైన్ చేసేవాళ్లకి అంతకన్నా మంచి సాధన లేదని నా నమ్మకం. మీరు అల్లాలనుకున్న వస్తువు మీద ముందు మీరే ఒక పొడుపుకథ కట్టి చూడండి. నేను తేనెపట్టు దగ్గర మొదలుపెట్టి ఆరు భుజాల గదుల దాకా వెళ్లాను. ఒకే వైశాల్యం ఉన్న గదులుగా తలాన్ని విడగొట్టాలంటే అన్నిటికన్నా తక్కువ అంచు పట్టేది ఆ ఆకారానికేనని 1999లో థామస్ హేల్స్ నిరూపించారు. అతుకుపని చేసేవాళ్లకి ఇది బాగా పనికొస్తుంది. గుండ్రటి పువ్వులు అతికితే మధ్యలో ఖాళీలు మిగిలి, వాటి కోసం మళ్లీ చిన్న ముక్కలు అల్లుకోవాలి. ఆరు భుజాలవైతే ఆ అవసరమే ఉండదు.

కోరంగి మడ అడవులకి వెళ్తే పైకి కాదు, కిందికి చూడండి. నీళ్లు నిండిన ఒండ్రులో గాలి ఆడదు. అందుకని మడచెట్టు వేరు అడ్డంగా పాకుతూ, మధ్యమధ్య ఊపిరి కోసం పిల్లవేర్లని నిటారుగా పైకి పంపుతుంది. అడ్డంగా ఒక గొలుసు, దాని మీద ఎత్తుపల్లాలతో నిలువు కుట్లు. చీర అంచుకి ఇది నేను వేసుకున్నాను, చాలా బాగుంది.

బొమ్మల కోసం రాజమండ్రిలో చిత్రకారుడు దామెర్ల రామారావు పేరు మీద ఉన్న చిత్రకళా మందిరానికి వెళ్లండి. అక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే రామారావు చేతిని గుర్తించి, బొమ్మలు వేయడం నేర్పే బొంబాయి జె.జె. స్కూల్‌కి వెళ్లేలా ప్రోత్సహించారు. రామారావు 1925లో, 28 ఏళ్లు నిండకుండానే పోయారు. అంత తక్కువ కాలంలో అంత పని చేశారంటే నాకు ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. ఆ మందిరంలో రంగులు సరే, గీతని చూడండి. చీర మడత ఒకటి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో కళ్లతోనే వెంబడించండి. మనదీ తెగకుండా సాగే దారమే కాబట్టి ఆ చూపు సూటిగా చేతికి వస్తుంది.

మొదట కోడిజుట్టు అంచుతోనే ప్రయత్నించమంటాను. సన్న నూలు వద్దు, వాలిపోతుంది. కాస్త లావు దారం తీసుకుని బిగువుగా అల్లండి. ఐదు కుట్లకి ఒకటి పెంచితే మడతలు నెమ్మదిగా వస్తాయి, రెండింటికి ఒకటి పెంచితే వెంటనే దట్టంగా పడతాయి. గుడ్డకి కుట్టేటప్పుడు లోపలి వరస మాత్రమే కుట్టి, బయటి అంచుని వదిలేయండి.