సంతకం పెట్టే ముందు: ఒక యువ రచయితకు లేఖ

చిరంజీవికి,

ఆశీస్సులు. నీ కథను చదివించి యూట్యూబ్‌లో ఆడియోగా పెడతామన్నవారు పంపిన ఒప్పంద పత్రాన్ని శ్రద్ధగా చదివాను. సమస్త హక్కులూ శాశ్వతంగా, సకల మాధ్యమాలకూ తమకే చెందుతాయని రాసుకుని, అందుకు ప్రతిఫలంగా వీడియోలో నీ పేరు వేస్తామని వారు హామీ ఇచ్చారు. కథ రాసినవాడి పేరు వేయడం వారు నీకు చేసే ఉపకారం కాదు. చట్టం నీకు ఎప్పుడో ఇచ్చినదాన్నే వారు నీకు వెలగా చూపిస్తున్నారు.

1957 నాటి మన కాపీరైట్ చట్టంలో రచయితకు రెండు తరహాల హక్కులున్నాయి. కథను అచ్చువేయడం, అనువదించడం, నాటకంగానో సినిమాగానో మలచడం, చదివి రికార్డు చేయడం వంటివి ఆస్తి హక్కులు. వాటిని పొలంలాగే కొంతకాలానికి కౌలుకివ్వవచ్చు, పూర్తిగా రాసివ్వనూ వచ్చు. 57వ సెక్షన్‌లో ఉన్నవి వేరు. ఈ రచన నాదని చెప్పుకునే హక్కు, తన గౌరవానికీ ప్రతిష్ఠకూ భంగం కలిగేలా దాన్ని వికృతం చేస్తే అడ్డుకునే హక్కు, నష్టపరిహారం కోరే హక్కు అందులో ఉన్నాయి. కాపీరైట్‌ను మొత్తంగా బదలాయించిన తరువాత కూడా ఇవి రచయిత దగ్గరే ఉంటాయని ఆ సెక్షన్ తన మొదటి మాటల్లోనే చెబుతుంది. వీటినే మనవాళ్లు నైతిక హక్కులంటున్నారు.

ఈ సెక్షన్ కాగితం మీద అలంకారం కాదని నిరూపించినవాడు ఒక శిల్పి. ఢిల్లీలోని విజ్ఞాన్ భవన్ గోడ కోసం 1957లో ప్రభుత్వమే కోరగా, అమర్‌నాథ్ సెహగల్ ఏళ్ల తరబడి శ్రమించి ఒక భారీ కంచు కుడ్యశిల్పాన్ని రూపొందించారు. 1979లో మరమ్మతుల పేరిట దాన్ని ఊడదీసి, ఆయనతో ఒక్క మాటైనా చెప్పకుండా గోదాములో పడేశారు; ముక్కలు దెబ్బతిన్నాయి, కొన్ని పోయాయి. శిల్పం ప్రభుత్వ సొత్తే, డబ్బూ చెల్లించారు. అయినా 1992లో ఆయన వేసిన దావాలో ఢిల్లీ హైకోర్టు 2005లో, మిగిలిన ముక్కలను ఆయనకే తిరిగి ఇవ్వాలనీ, ఐదు లక్షల రూపాయల పరిహారం చెల్లించాలనీ తీర్పు చెప్పింది. గెలవడానికి పదమూడేళ్లు పట్టిందన్న సంగతి కూడా గుర్తుంచుకో. నేను ఒప్పందం గురించి ఇంతగా పట్టుబట్టడానికి కారణం అదే.

నీకు మరింత దగ్గరిది హిందీ రచయిత్రి మన్నూ భండారీ కేసు. తన నవలను సినిమాగా తీసుకునే హక్కును ఆమె ఇచ్చారు గాని, తీసిన చిత్రం నవల ఉద్దేశాన్నే తారుమారు చేసిందని కోర్టుకెక్కారు. నవలను తెరకెక్కించేటప్పుడు కొన్ని మార్పులు తప్పవనీ, అయితే ఆ మార్పులు మూలాన్ని పూర్తిగా వేరొక రచనగా మార్చేయకూడదనీ, హక్కుల బదలాయింపు ఒప్పందాన్ని 57వ సెక్షన్‌కు లోబడే చదవాలనీ 1986లో ఢిల్లీ హైకోర్టు వివరించింది. నీ కథకు వెబ్ సిరీస్ వాళ్లు ముగింపు మారిస్తే నీ మొదటి ఆధారం ఈ తీర్పే.

కానీ ఈ హక్కుకు హద్దులున్నాయి. ఢిల్లీ ప్రగతి మైదాన్‌లోని హాల్ ఆఫ్ నేషన్స్ అనే ప్రదర్శనశాలను 2017లో కూల్చివేసినప్పుడు దాని వాస్తుశిల్పి రాజ్ రేవాల్ ఇదే సెక్షన్‌ను ఆశ్రయించారు. సొంత కట్టడాన్ని యజమాని పూర్తిగా కూల్చుకోవడాన్ని వాస్తుశిల్పి ఆపలేడని 2019లో తీర్పు వచ్చింది. పాడుచేసి ప్రదర్శించడం తప్పు, మొత్తంగా తొలగించడం తప్పు కాదు అన్న ఈ తర్కం నాకు ఏనాడూ మింగుడుపడలేదు.

ఇక నీ పత్రం సంగతి. బదలాయింపు రాతపూర్వకంగా, నీ సంతకంతో ఉంటేనే చెల్లుతుంది. కథ వారపత్రికలో అచ్చయినంత మాత్రాన హక్కు పత్రికది కాదు. నువ్వు అక్కడ జీతానికి పనిచేయనప్పుడు, వేరే కాగితం రాసివ్వనప్పుడు అది నీదే. ఒప్పందంలో కాలపరిమితి చెప్పకపోతే ఐదేళ్లు, ప్రాంతం చెప్పకపోతే భారతదేశం మాత్రమే అని 19వ సెక్షన్ అంటుంది. తీసుకున్న హక్కును ఏడాదిలోగా వాడుకోకపోతే, వేరే షరతు లేనంతవరకు, అది రద్దవుతుంది కూడా. అంటే కాగితం మౌనంగా ఉన్నచోట చట్టం మన పక్షాన మాట్లాడుతుంది. "శాశ్వతంగా" అన్న ఒక్క మాట ఆ రక్షణను తీసేస్తుంది కనుక ముందు దాన్ని కొట్టివేయించు. "సకల మాధ్యమాలు" బదులు "తెలుగులో ఆడియో పఠనం, ఫలానా ఛానెల్‌లో, మూడేళ్లకు" అని రాయించు. సినిమా, వెబ్ సిరీస్, అనువాదం నీ దగ్గరే ఉంచుకో. కథను కుదించినా, పేరు మార్చినా ముందుగా నీకు చూపాలని ఒక వాక్యం చేర్చు.

చలం కథ ఒకదాన్ని లఘుచిత్రంగా తీయాలనుందని రాశావు. ఆయన 1979లో కన్నుమూశారు; రచయిత మరణించిన మరుసటి సంవత్సరం నుంచి అరవై ఏళ్లు లెక్క కాబట్టి 2039 చివరిదాకా హక్కుదారుల అనుమతి కావాలి. 1915లో పోయిన గురజాడ రచనలకు ఆ అవసరం లేదు. ఇతివృత్తం ఎవరి సొత్తూ కాదనీ, దాన్ని చెప్పిన తీరుకే రక్షణ అనీ నాటక రచయిత ఆర్.జి. ఆనంద్ కేసులో 1978లో సుప్రీంకోర్టు తేల్చింది కాబట్టి, ఆ కథ నీలో రేపిన ఆలోచనతో కొత్త కథ రాసుకోవచ్చు; సన్నివేశాలూ సంభాషణలూ ఎత్తుకుని పాత్రల పేర్లు మార్చితే మాత్రం అది కొత్త కథ కాదు. వీడియో కింద "కాపీరైట్ ఉల్లంఘించే ఉద్దేశం లేదు" అని రాసుకునేవాళ్లను చూసి మోసపోకు. అనుమతి లేని పనిని ఆ వాక్యం కాపాడదు.

వాట్సాప్‌లో నీ కథ "సేకరణ" అన్న ముద్రతో తిరుగుతోందని బాధపడ్డావు. పంపినవారికి నీ పేరు చేర్చమని మర్యాదగా రాయి, చాలామంది చేరుస్తారు. ఎవరైనా తమ ఛానెల్‌లో పెట్టుకుని మొండికేస్తే ఆ వేదిక నిర్వాహకులకే రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యి. 2013 నాటి నిబంధనల ప్రకారం వారు ముప్పై ఆరు గంటల్లో చర్య తీసుకోవాలి, అయితే ఇరవై ఒక్క రోజుల్లోగా నువ్వు కోర్టు ఉత్తర్వు తేకపోతే వారు దాన్ని మళ్లీ పెట్టేయవచ్చు. కథ మొదట అచ్చయిన సంచికను, నీ రాతప్రతిని జాగ్రత్త చేసుకో. కాపీరైట్‌కు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గాని ముందు రాసింది నువ్వేనన్న రుజువు కావాలి.

సవరించిన పత్రం రాగానే సంతకం పెట్టకుండా నాకు ఒకసారి పంపు.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి