బ్రేకు వేసిన స్కూటర్, ఎర్రగా కాలిన ఇనుప దిమ్మ

ప్రశ్న: మాష్టారూ, నేను ఇంటర్ రెండో ఏడాది ఎంపీసీ. నాన్నగారు స్టీల్ ప్లాంటులో పనిచేస్తారు. ఫార్ములాలన్నీ నోటికి వచ్చు, లెక్క చూస్తే మాత్రం టెన్షన్. రెండు చేసి పంపుతున్నాను, ఎక్కడ తప్పానో చెప్పండి. ఒకటి: గంటకు 72 కి.మీ. వేగంతో పోతున్న స్కూటర్ బ్రేకు వేస్తే ఎంత దూరం జారి ఆగుతుంది? ఘర్షణ గుణకం 0.5. రెండు: 27 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉన్న ఇనుప దిమ్మను 927 డిగ్రీలకు కాలిస్తే, అది వెదజల్లే వికిరణం ఎన్ని రెట్లవుతుంది?
– ఒక విద్యార్థిని, గాజువాక

జవాబు: అమ్మాయీ, నీ కాగితాలు రెండూ పెన్సిల్ పట్టుకుని చూశాను. నీకు ఫార్ములాలు నిజంగానే వచ్చు. రెండు చోట్లా తప్పింది ఫార్ములా కాదు, అందులో వేసిన అంకె.

స్కూటర్ లెక్కలో నీ జవాబు 518 మీటర్లు. బీచ్ రోడ్డులో బ్రేకు వేశాక అరకిలోమీటరు జారిన బండిని ఎప్పుడైనా చూశావా? జవాబు రాగానే ఈ ప్రశ్న వేసుకుని ఉంటే తప్పు నీకే దొరికేది. 72ని అలాగే వేశావు. గంటకు 72 కి.మీ. అంటే సెకనుకు 20 మీటర్లు.

అసలు ఈ లెక్కకు ముందు ఒక్క మాట అనుకోవాలి: ఉన్న శక్తి ఎటు పోయింది? స్కూటర్‌కున్న గతిజశక్తి అంతా టైరుకూ రోడ్డుకూ మధ్య ఘర్షణలో వేడిగా మారిపోయింది. ఆ రెండూ సమానం అని రాస్తే ద్రవ్యరాశి రెండు వైపులా కొట్టుకుపోతుంది. అందుకే బండి బరువు ఇవ్వలేదు. మిగిలింది: దూరం = వేగం వర్గం ÷ (2 × ఘర్షణ గుణకం × గురుత్వ త్వరణం). గురుత్వ త్వరణం 10 అనుకుంటే 400 ÷ 10, అంటే 40 మీటర్లు. అదే 36 కి.మీ. వేగమైతే 10 మీటర్లే. వేగం రెట్టింపయితే దూరం నాలుగింతలు. బండి నడిపే ప్రతివాళ్లకూ ఈ ముక్క తెలియాలని నా కోరిక.

రెండోది ఇంకా ముఖ్యం. 927ని 27తో భాగించి నాలుగో ఘాతం కట్టి, దాదాపు 14 లక్షల రెట్లు అన్నావు. వికిరణం ఉష్ణోగ్రత నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుందని శాస్త్రవేత్త స్టెఫాన్ 1879లో చెప్పాడు. ఆ నియమంలో ఉష్ణోగ్రత అంటే కెల్విన్లే. సెల్సియస్ సున్నా మనం మంచు కరిగే చోట పెట్టుకున్న గుర్తు, అంతే. నీ పద్ధతిలో సున్నా డిగ్రీల మంచుగడ్డ ఏమీ వెదజల్లకూడదు. నిజానికి అది కూడా చదరపు మీటరుకు దాదాపు 300 వాట్లు వెదజల్లుతూనే ఉంటుంది. చుట్టూ ఉన్నవాటి నుంచి అంతకన్నా ఎక్కువ తీసుకుంటుంది కాబట్టి కరుగుతుంది.

సెల్సియస్ డిగ్రీలకు 273 కలిపితే కెల్విన్లు. 27కి 273 కలిపితే 300. 927కి కలిపితే 1200. నిష్పత్తి 4. నాలుగో ఘాతం 256. దిమ్మ ఉపరితలం స్వభావం మారలేదనుకుంటే జవాబు 256 రెట్లు.

ఈ 256 ఎలా ఉంటుందో మీ నాన్నగారిని అడుగు. ఎర్రగా కాలిన బిల్లెట్ (ఉక్కు దిమ్మ) పక్కనుంచి పోతుంటే, తాకకుండానే, ఆ వైపు చెంప ఎలా చురుక్కుమంటుందో ఆయనే చెబుతారు.

ఇప్పుడు ఈ లెక్క చెయ్యి: అదే దిమ్మ 327 డిగ్రీలకు చల్లారింది. 27 డిగ్రీల వద్ద వెదజల్లినదానికి ఇప్పుడు ఎన్ని రెట్లు? ముందు కెల్విన్లలోకి మార్చు. చేసి పంపు, చూస్తాను.