అది వేరే సంగతి కాదమ్మా

"నాకు 31 ఏళ్లు. మాది విజయవాడ. ఎం.ఫార్మసీ చేసి హైదరాబాద్‌లో ఒక మందుల కంపెనీలో పనిచేశాను. మావారు డాక్టరు. ఆయన వీసా నిబంధన ప్రకారం డాక్టర్లు తక్కువగా ఉన్న చోట మూడేళ్లు పనిచేయాలి. అందుకే అమెరికాలో, అలబామా రాష్ట్రంలో, డోథాన్‌కు అరగంట దూరంలోని చిన్న ఊళ్లో ఉంటున్నాం. వచ్చి ఏడాదిన్నర అయింది. ఇక్కడ తెలుగువాళ్లు ఒక్కరూ లేరు. మోటల్ నడిపే గుజరాతీ కుటుంబం ఒకటి ఉంది, పరిచయం లేదు. పక్కింటి పెద్దావిడ బుధవారం సాయంత్రం చర్చిలో భోజనానికి రమ్మంటుంది. మతం మారమంటారేమోనని వెళ్లలేదు. నాకు ఉద్యోగం చేసే అనుమతి ఇంకా రాలేదు. రాత్రి నిద్ర పట్టదు, పొద్దున లేవబుద్ధి కాదు.

ఆగస్టులో మా అత్తగారు వచ్చారు. ఫిబ్రవరిలో వెళ్తారు. కదిరి దగ్గర పల్లె, వ్యవసాయ కుటుంబం. మామగారు లేరు. ఆవిడకూ నాకూ మాటలు తక్కువ. తిన్న కంచం తనే కడిగి మా కంచాలతో కలపకుండా విడిగా పెట్టుకుంటారు. అక్టోబరులో ఒకరోజు దారిలో కారు ఆపించి, ఎవరిదో చేనులోకి దిగి, పీకి ఆరేసిన వేరుశెనగ చెట్టు ఒకటి చేతిలోకి తీసుకుని కాయలు లెక్కపెడుతూ నిలబడ్డారు. ఎవరైనా చూస్తారేమోనని సిగ్గుతో చచ్చిపోయాను. వచ్చిన కొత్తలో నాకు ఐదో నెలలో కడుపు పోయింది. అప్పుడు ఆవిడ ఫోనులో 'కాస్త జాగ్రత్తగా ఉండాల్సింది కదమ్మా' అన్నారు. అది వేరే సంగతి.

డాలస్ పక్కన ఫ్రిస్కోలో నా స్నేహితురాలు ఉంది. అక్కడ ఎటు చూసినా తెలుగువాళ్లే. అక్కడికి మారదామంటే మావారు వినడం లేదు. ఎలా ఒప్పించాలి?"

ఒప్పించకండి. మీవారు వినకపోవడానికి కారణం మొండితనం కాదు. జె-1 అనే శిక్షణ వీసా మీద చదివిన డాక్టరుకు స్వదేశానికి వెళ్లి రెండేళ్లు ఉండాలన్న షరతు ఉంటుంది. దాని నుంచి మినహాయింపు తీసుకుని చేసే మూడేళ్ల సేవను మధ్యలో వదిలేస్తే, అసాధారణ కారణాలు చూపగలిగితే తప్ప, ఆ షరతు తిరిగి మెడకు చుట్టుకుంటుంది. అది మీకు తెలియనిది కాదు. ఇంకా ఏడాదిన్నర ఆ ఊళ్లోనే ఉండాలి. ఫ్రిస్కో సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.

ఇక మీరు 'వేరే సంగతి' అని ఒక్క మాటలో దాటేసిన దాని దగ్గరకు వద్దాం. మీ ఉత్తరంలో నాకు కనిపించిన సమస్య అదొక్కటే.

ఐదు నెలలు మోసిన బిడ్డ పోయింది. అయినవాళ్లెవరూ పక్కన లేని పరాయి దేశంలో పోయింది. కన్నతల్లి లాంటి మాట కోసం చెవి ఒగ్గి ఉన్న సమయంలో అత్తగారు ఆ మాట అన్నారు. అది తప్పు మాట. ఆవిడ పెద్దావిడనో, పల్లెటూరి మనిషనో, మనసులో ఏమీ పెట్టుకోరనో నేను దాన్ని కడిగేయను. మీరు ఏడాదిన్నరగా ఆ మాటతోనే కాపురం చేస్తున్నారు. అప్పటి నుంచి ఎవరు పలకరించినా లోపల ఒక తలుపు వేసుకునే మాట్లాడుతున్నారు. పక్కింటావిడ పిలుపుకు వంక దొరికింది, గుజరాతీ వాళ్ల విషయంలో పరిచయం లేదన్న మాట అడ్డం వచ్చింది. తెలుగువాళ్లు ఎటు చూసినా ఉండే ఊళ్లో ఉన్నా ఆ తలుపు అలాగే వేసి ఉంటుంది.

ఆ రోజు మాట్లాడాల్సిన మనిషి ఇంకొకరు ఉన్నారు. మీవారు డాక్టరు. ఐదో నెలలో గర్భం పోవడానికి గర్భసంచి ముఖద్వారం బలహీనంగా ఉండటం, ఇన్ఫెక్షన్, పిండం ఎదుగుదలలో లోపం వంటివి కారణాలవుతాయని, చాలాసార్లు అసలు కారణమే తెలియదని ఆయన చదువుకున్నారు. రోజూ ఎవరెవరి తల్లులకో నచ్చజెప్పే మనిషి, "అమ్మా, ఇందులో తన తప్పేమీ లేదు" అని సొంత తల్లికి ఒక్క ఫోను చేసి ఉండాల్సింది. చేసినట్టు మీ ఉత్తరంలో లేదు. ఆ లోటు ఆయనదే. ఇప్పుడైనా ఆ మాట ఆయన తన తల్లితో, మీ ఎదురుగా అనాలి.

అయితే మీ తరఫున ఆయన మాట్లాడితే సరిపోదు. మీరు స్వయంగా చెప్పాలి. పెద్దవాళ్లను గౌరవించడమంటే మన గాయాన్ని వాళ్లకు కనపడకుండా దాచుకోవడమని మనకు నేర్పారు. నేను ఒప్పుకోను. ఆ దాపరికంలోంచి పుట్టేది గౌరవం కాదు, అంటీముట్టనితనం. ఇద్దరే ఉన్న ఒక మధ్యాహ్నం, టీ ఇచ్చి, ఎదురుగా కూర్చుని, "అత్తయ్యా, ఆ రోజు మీరన్న మాట నాకు ఇంకా గుచ్చుకుంటోంది" అనండి. అంతవరకే. లెక్చరు వద్దు, పాత లెక్కలు వద్దు. ఆవిడ "నేను అలా అనలేదు" అనవచ్చు. ఏడవవచ్చు. లేచి గదిలోకి వెళ్లిపోవచ్చు. ఏది జరిగినా మీరు చెప్పింది చెప్పినట్టే ఉంటుంది, దాన్ని వెనక్కి తీసుకోవద్దు. క్షమించానని అనమని కూడా నేను చెప్పను. అది లోపల కలిగినప్పుడు అనుకోవాల్సిన మాట.

ఇప్పుడు మీ వైపు లోటు. కంచం గురించి ఫిర్యాదుగా రాశారు. నాకు ఆ కంచంలో పొగరు కనబడలేదు. కొడుకు ఇంట్లో తనకు చోటు ఉందో లేదో తేల్చుకోలేని మనిషి కనబడింది. భర్త పోయాడు, పొలం వేల మైళ్ల దూరాన ఉంది, నడిచి వెళ్లి పలకరించడానికి ఒక అరుగు లేదు, కారు నడపలేదు, కోడలు ముక్తసరిగా మాట్లాడుతుంది. అలాంటప్పుడు ఎవరికీ బరువు కాకూడదని ఆడమనిషి మొదట తన ఎంగిలి కంచమే పక్కకు తీసుకుంటుంది. ఆ ఇల్లు మీది. ఆవిడ కంచం తీసి మీ కంచాల వరుసలో పెట్టే అధికారం మీదే, బాధ్యతా మీదే. గాయపడ్డ మనిషికి ఈ బాధ్యత తప్పుతుందని నేను అనుకోను. రెండూ ఒకేసారి మొయ్యాలి. కష్టమే.

ఆ చేను దగ్గరి సంగతి రెండుసార్లు చదివాను. కదిరి మనిషి ఆవిడ. కదిరి-6 అని ఆ ఊరి పేరుతోనే వేరుశెనగ విత్తనం ఉంది. వానకు మొహం వాచిన ఆ నేలలో ఊడలు దిగే వేళకు చినుకు పడుతుందో లేదోనని ఏళ్ల తరబడి ఆకాశం చూసిన మనిషికి, భూగోళం అవతల యంత్రం తిరగేసి వరుసలుగా ఆరేసిన వేరుశెనగ చేను కనబడింది. చెట్టు అందుకుని కాయలు లెక్కపెట్టకుండా ఎలా ఉంటుంది? ఆగస్టు నుంచి ఆవిడకు తెలిసినదంటూ ఆ దేశంలో ఎదురుపడింది బహుశా ఆ ఒక్కటే. మీరు పక్కనే ఉన్నారు, చెట్టుకు ఎన్ని కాయలున్నాయని అడగలేదు. ఇప్పుడు అడగండి. ఆవిడకు గుర్తుండే ఉంటుంది.

మీరున్నది మామూలు చోటు కాదమ్మా. డోథాన్‌లో ఏటా నవంబరులో జాతీయ వేరుశెనగ ఉత్సవం చేస్తారు. అరగంట దూరంలో జరిగినా ఆవిడను తీసుకెళ్లినట్టు మీరు రాయలేదు. అది దాటిపోయింది. ఎంటర్‌ప్రైజ్ అనే ఊరు కూడా దగ్గరే. పత్తిని ముక్కుపురుగు నాశనం చేస్తే ఆ చుట్టుపక్కల రైతులు వేరుశెనగకు మారి నిలదొక్కుకున్నారు. 1919లో ఆ ఊరివాళ్లు ఆ పురుగుకే స్మారకం కట్టారు. ఒక స్త్రీ విగ్రహం పురుగును తలపైకి ఎత్తి పట్టుకుని ఉంటుంది. అత్తగారిని అక్కడికి తీసుకెళ్లి ఈ కథ చెప్పండి. చీడపీడల గురించి ఆవిడ మీకు చెప్పేది ఇంకా ఎక్కువ ఉంటుంది. దారిలో పెట్రోలు బంకుల్లో ఉడకబెట్టిన వేరుశెనగకాయలు అమ్ముతారు. కొనుక్కుని కారులో కూర్చుని ఇద్దరూ ఒలుచుకు తినండి. ఉప్పు ఎక్కువైందనో ఉడుకు చాల్లేదనో ఆవిడ అనకపోతే అప్పుడు నాకు రాయండి.

మిగతావి చిన్నవి. బుధవారం భోజనానికి వెళ్లండి, అత్తగారిని కూడా తీసుకెళ్లండి. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో చర్చి భోజనం ఊరంతా కలిసే చోటు. ప్రార్థన చేస్తే తల వంచుకుని కూర్చోండి, ఎవరైనా మతం మాట ఎత్తితే మాది మాకు ఉందని నవ్వుతూ చెప్పండి. అన్నం పెట్టే ఇంటికి అనుమానంతో దూరంగా ఉండటం నాకు నచ్చదు. గుజరాతీ ఇంటికి ఒక డబ్బాలో పులిహోర పట్టుకుని వెళ్లండి. ఉద్యోగం విషయానికొస్తే, గ్రీన్ కార్డు కోసం భర్త పేరున వేసే ఐ-140 దరఖాస్తు ఆమోదం పొందాక భార్య పని అనుమతికి దరఖాస్తు చేసుకునే వీలు 2015 నుంచి ఉంది. ఆ కాగితం ఎంతవరకు వచ్చిందో మీవారిని కూర్చోబెట్టి అడగండి. ఈలోగా చదువుకోవడానికి అడ్డు లేదు.

నిద్ర పట్టకపోవడం, లేవబుద్ధి కాకపోవడం మాత్రం చిన్నవి కావు. బిడ్డ పోయిన దుఃఖం ఎవరితోనూ పంచుకోకుండా మోస్తున్నారు. మీవారు కాకుండా వేరే డాక్టరును కలిసి ఈ రెండు మాటలూ చెప్పండి. బతకాలనిపించని రాత్రి ఎప్పుడైనా వస్తే వెంటనే 988కి ఫోను చేయండి. అలాంటి వేళ సాయం చేయడానికే అమెరికాలో ఉన్న నంబరు అది.

ఇక మీవారికి. అమ్మ వస్తే భార్యకు తోడు, భార్య ఉంటే అమ్మకు తోడు అని లెక్క వేసుకుని మీరు ఆసుపత్రికి వెళ్లిపోయారు. మనుషుల మధ్య సంబంధాలు లేకపోతే రోజుకు 15 సిగరెట్ల వరకు తాగినంత హాని జరుగుతుందని 2023లో అమెరికా ప్రజారోగ్యానికి పెద్ద డాక్టరైన అప్పటి సర్జన్ జనరల్ వివేక్ మూర్తి ఇచ్చిన నివేదిక మీరు చూసే ఉంటారు. మీ ఇంట్లో ఆ హాని ఇద్దరికి జరుగుతోంది. మీ అమ్మగారు వెళ్లేలోగా ఒక వారం సెలవు పెట్టండి. అట్లాంటా పక్కన రివర్‌డేల్‌లో వేంకటేశ్వరస్వామి గుడి ఉంది, మీకు మూడు నాలుగు గంటల ప్రయాణం. ముగ్గురూ కలిసి వెళ్లి రండి. ఆ ఫోనులో మీరు చెప్పాల్సిన మాట దారిలో చెప్పండి.

ఈ జవాబు మీవారికి చూపించండి. అత్తగారికి మాత్రం చదివి వినిపించకండి. ఆవిడకు అది మీ నోటి నుంచే చేరాలి.