బావగారికి కరెంటు పెట్టే ముందు

అల్లుడూ,

"రోజూ ప్లాన్ మారుస్తారంట మావయ్యా, అంటే మొదట వేసిన ప్లాన్ తప్పా?" అని నిన్న ఫోన్‌లో అడిగావు. తప్పు కాదురా. బావగారి అన్నవాహిక క్యాన్సర్‌కి పెట్టబోయే ఈ కరెంటు (రేడియేషన్) పద్ధతిని అడాప్టివ్ అంటారు. గుంటూరులో ముప్పై ఏళ్లు కరెంటు పెట్టే మిషన్ దగ్గరే టెక్నీషియన్‌గా పనిచేశాను. నీ టెన్షన్ తగ్గాలని వివరంగా రాస్తున్నా. అక్కయ్యకీ చదివి వినిపించు.

అన్నవాహిక గుండె వెనకగా, రెండు ఊపిరితిత్తుల మధ్య నుంచి దిగుతుంది. బావగారి గడ్డ కింది భాగంలో, పొట్టకి దగ్గరగా ఉంది. ఊపిరి తీసినప్పుడల్లా అది కదులుతుంది. పొట్టలో తిండో గాలో ఉంటే పక్కకి జరుగుతుంది. వారాలు గడిచేకొద్దీ గడ్డ కుంచించుకుపోవచ్చు, మనిషీ సన్నబడతాడు. పాత పద్ధతిలో ఈ కదలికలన్నీ లెక్కలోకి రావాలని గడ్డ చుట్టూ కాస్త ఎక్కువ మేరకే కరెంటు పెట్టేవాళ్లం. ఆ ఎక్కువ మేర గుండెకీ ఊపిరితిత్తులకీ తగిలేది. అడాప్టివ్ అంటే ఆ రోజు స్కాన్ తీసి, ఏది ఎక్కడుందో చూసి, ఆ రోజుకి తగ్గట్టు ప్లాన్ సరిచేయడం. జబ్బు మీద పనిచేసేది అదే కరెంటు, అదే కీమో. పక్కనున్న మంచి అవయవాలకి తగిలేది తగ్గించడమే దీని పని. కరెంటు, కీమో అయ్యాక ఆపరేషన్ ఉంది కాబట్టి బావగారికి ఇది మరీ అవసరం. ఈ ఆపరేషన్ తర్వాత ఎక్కువమందిని ఇబ్బంది పెట్టేది ఊపిరితిత్తులే.

23 సిట్టింగులు, మొత్తం 41.4 గ్రే (కరెంటు మోతాదుని కొలిచే లెక్క), వారానికోసారి పాక్లిటాక్సెల్, కార్బోప్లాటిన్ అనే కీమో మందులు అని డాక్టరుగారు రాసిచ్చింది నెదర్లాండ్స్‌లో జరిగిన క్రాస్ అధ్యయనంలోని లెక్కే. దాని ఫలితాలు 2012లో వచ్చాయి. వారానికి ఐదు రోజుల చొప్పున దాదాపు ఐదు వారాలు పడుతుంది. పండగనీ పెళ్లనీ ఒక్క రోజు కూడా మానొద్దు. మిషన్ రిపేరుకొచ్చి ఆగితే ఆ సిట్టింగు ఎలా సర్దుతారో వెంటనే అడుగు.

మామూలు సిట్టింగు పదిహేను నిమిషాల్లో అయిపోతుంది. దీనికి అరగంట దాటొచ్చు. బావగారు చేతులు తల పైకి పెట్టి పడుకునే ఉండాలి. పక్క గదిలో డాక్టరు, కరెంటు మోతాదు లెక్కలు చూసే ఫిజిసిస్ట్ తెర మీద గీతలు సరిచేసి కొత్త ప్లాన్ ఒప్పుకునేదాకా ఆయన కదలకూడదు. కదిలితే ఆ కష్టమంతా వృథా. అందుకని ముందే బాత్రూమ్‌కి వెళ్లిరమ్మను. భుజం నొప్పి ఉంటే మాత్ర ఎంత ముందు వేసుకోవాలో డాక్టరుని అడుగు. ఊపిరి మామూలుగా తీయమను. గదిలో ఒంటరిగా ఉన్నా కెమెరాలో చూస్తూనే ఉంటారని, చెయ్యి ఊపితే లోపలికి వస్తారని ముందే చెప్పు. ఆ ఒక్క మాటతో వణుకు తగ్గినవాళ్లని చాలామందిని చూశాను.

పొట్ట సంగతి. సిట్టింగుకి ఎన్ని గంటల ముందు తినడం ఆపమన్నారో రోజూ అంతే పాటించాలి. ఒకరోజు ఖాళీ కడుపుతో, ఇంకోరోజు నిండుగా టిఫిన్ తిని వెళ్తే, మిషన్ ఎంత మంచిదైనా వాళ్లకి కష్టమే.

ఇక అన్నిటికన్నా నేను పట్టుబట్టేది బరువు. ఒకాయన మూడో వారానికి ఆరు కిలోలు తగ్గి వచ్చాడు. ఛాతీ మీద మేం పెట్టిన మార్కులు వదులైన చర్మంతో పాటు పక్కకి జారిపోయాయి. అన్నం దిగకపోతే మజ్జిగతో సరిపెడుతున్నామని, మాకు చెబితే ట్రీట్‌మెంట్ ఆపేస్తారని భయపడ్డామని ఇంట్లోవాళ్లు అన్నారు. మళ్లీ సీటీ తీసి ప్లాన్ మార్చేసరికి నాలుగు రోజులు పోయాయి. అడాప్టివ్ ఉన్నా బరువు పోతే ఆపరేషన్‌కి తట్టుకునే ఓపిక పోతుంది. సోమవారం, గురువారం ఒకే కాటా మీద తూచి పుస్తకంలో రాయి. రాగిజావలో పాలు, పాలపొడి కలుపు. మెత్తగా ఉడికించిన పప్పన్నం నెయ్యేసి మిక్సీ పట్టు. గుడ్డు, చక్రకేళీ, పెరుగు పెట్టండి. పచ్చళ్లు, కారం ఈ రెండు నెలలు వద్దు. గుంటూరోడినే అయినా చెబుతున్నా. రెండో వారం దాటాక మింగితే మంట పుడుతుంది, సిట్టింగులు అయిపోయాక కూడా కొన్నాళ్లు ఉంటుంది. తిండి ఎక్కించడానికి ట్యూబు పెడదామంటే గొడవ చేయొద్దు, ఓపిక నిలిపేది అదే.

జ్వరం 100.4 దాటితే తెల్లారేదాకా ఆగొద్దు, రాత్రయినా ఆసుపత్రికి తీసుకెళ్లు. కీమోకి తెల్లరక్తకణాలు పడిపోయి ఉంటాయి. నీళ్లు తాగితే దగ్గు తన్నుకొస్తున్నా వెంటనే చెప్పు.

తెనాలి నుంచి రోజూ రైల్లో తిప్పకు. విజయవాడలో సూర్యారావుపేట వైపు గది చూసుకోండి. బావగారు చుట్ట ఈరోజే మానేయాలి. మూడు బంతులు పైకి లేచే స్పైరోమీటరు కొని పొద్దునా సాయంత్రం ఊదడం కాదు, పీల్చడం చేయించు. ఇది చాలామంది తిరగేసి చేస్తారు.

సిట్టింగులు అయ్యాక ఆ మంట తగ్గితే అన్నం హాయిగా దిగొచ్చు. అప్పుడే "ఇంకా ఆపరేషన్ ఎందుకు" అంటారు బావగారు. క్రాస్‌లో స్క్వామస్ రకం (అన్నవాహిక లోపలి పొర కణాల్లో పుట్టే క్యాన్సర్) వాళ్లలో దాదాపు సగం మందికి ఆపరేషన్లో తీసిన ముక్కలో జబ్బు కనపడలేదు. మిగతా సగానికి ఉంది. మింగుడు బాగుందన్న ఒక్క కారణంతో మానేయకూడదు. సిట్టింగులు అయ్యాక కొన్ని వారాలు ఆగి, మళ్లీ స్కాన్ తీసి, సర్జన్ చెప్పేదాన్ని బట్టే వెళ్లండి.

శనివారం వస్తున్నా. బరువు పుస్తకం చూపించు.

మీ మావయ్య,
గుంటూరు