కోడికి పాలెక్కడివి?

"బైబిల్ పాత నిబంధన మొత్తం చదివాను. అయినా ఇప్పటి యూదుల ఆచారాలు అర్థం కావడం లేదు. వాళ్ళ గ్రంథాలు ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?" అని మీరు అడిగారు. నేను పండితుణ్ణి కాను. జగిత్యాల జిల్లా నుంచి వెళ్ళి జెరూసలేంలో నాలుగేళ్ళు ఒక పెద్దాయన ఇంట్లోనే ఉండి ఆయన బాగోగులు చూసుకున్నవాణ్ణి. అక్కడ మనవాళ్ళు చాలామంది చేసేది ఈ పనే. ఆయనను సబా అని పిలిచేవాణ్ణి, హీబ్రూలో తాత అని అర్థం. నా చదువు ఆ ఇంటి వంటగదిలో మొదలైంది కాబట్టి అక్కడి నుంచే చెబుతాను.

ఆ వంటగదిలో సింకులు రెండు. మాంసం గిన్నెలకు ఎర్ర చుక్క, పాల గిన్నెలకు నీలం చుక్క. గరిటెలు, కత్తులు, తుడుచుకునే గుడ్డలు కూడా వేర్వేరే. మా నాయనమ్మ మడి గుర్తొచ్చి, ఇదీ అలాంటిదే అనుకున్నాను. కాదు. మాంసానికీ మైల లేదు, పాలకూ లేదు. రెండూ కలవడమే తప్పు.

కోడికూర నేనే వండేవాణ్ణి. కోషెర్, అంటే యూదుల ఆహార నియమాలకు తగినవి అమ్మే దుకాణంలో కొన్న కోడి, ఎర్ర చుక్క గిన్నె, పొయ్యి మాత్రం సబా వెలిగించాలి. యూదులు కానివాళ్ళు పూర్తిగా తామే వండింది ఆయన తినరు. మంట ఆయన చేత్తో వెలిగితే చాలు, మిగతా వంట నాది. ఒకరోజు మధ్యాహ్నం కూరన్నం తిన్నాక చేయి అలవాటుగా ఫ్రిజ్ వైపు వెళ్ళింది. చివర పెరుగన్నం లేకపోతే భోజనం అయినట్టు ఉంటుందా? అదే పళ్ళెంలో, కూర అంటిన వేడి అన్నం మీద నాలుగు చెంచాల పెరుగు వేసి కలిపేశాను. తలెత్తితే గుమ్మంలో సబా.

కేకలేస్తారనుకున్నాను. "పింగాణీని మళ్ళీ శుద్ధి చేయడం కుదరదు. ఇక ఆ పళ్ళెం నీదే" అన్నారు, అంతే. సిగ్గేసింది, కాస్త పౌరుషమూ వచ్చింది. ఆ నియమానికి మూలం నాకు తెలుసు. మేకపిల్లను దాని తల్లిపాలలో ఉడకబెట్టకూడదని నిర్గమకాండంలో రెండుసార్లు, ద్వితీయోపదేశకాండంలో ఒకసారి ఉంది. "మేకంటే సరే, కోడికి పాలెక్కడివి?" అన్నాను.

ఆయన ముఖం వెలిగిపోయింది. కర్ర ఊతంతో అలమర దాకా వెళ్ళి, తలగడంత పుస్తకం తెచ్చి బల్ల మీద పరిచారు. నా ప్రశ్న కొత్తది కాదట. గలిలయకు చెందిన రబ్బీ (యూదు మతగురువు) యోసే సుమారు 1900 ఏళ్ళ కిందటే అదే వాదించాడు: కోడికి తల్లిపాలు లేవు కాబట్టి ఆ వాక్యం దానికి వర్తించదని. ఆయన ఊళ్ళో కోడిమాంసం పాలతో కలిపి తినేవారట కూడా. మిగతా పండితులు ఒప్పుకోలేదు, కోడి కూడా మాంసం కిందే లెక్క అన్నారు. అదే నిలిచింది. కానీ ఓడిన వాదనను కొట్టివేయలేదు. గెలిచినదాని పక్కనే, వాదించినవాడి పేరుతో సహా ఇప్పటికీ అచ్చవుతోంది.

మీకు అర్థం కాకపోవడానికి కారణం ఇక్కడే ఉందని నా అభిప్రాయం. క్రీ.శ. 70లో రోమన్లు జెరూసలేం ఆలయాన్ని కూల్చాక బలులు ఆగిపోయాయి. యాజకుల చుట్టూ తిరిగే మతం స్థానంలో పండితుల చర్చ వచ్చింది. 200 ప్రాంతంలో యెహూదా హనాసి కూర్చిన సంకలనం మిష్నా, దాని మీద తరతరాలు సాగిన చర్చ గెమారా, రెండూ కలిస్తే తాల్ముద్. సబా చూపించిన పేజీలో మధ్యన ఇవి ఉంటాయి. లోపలి అంచున 11వ శతాబ్దపు ఫ్రాన్సు పండితుడు రషీ వ్యాఖ్య, బయటి అంచున ఆయన మనవలు, వారి తర్వాతివారు లేవనెత్తిన అభ్యంతరాలు. పాత నిబంధన ఒక్కటే చదివి యూదుల ఇంట్లోకి వెళితే రెండు సింకులు ఎందుకో ఎన్నటికీ తెలియదు.

మాంసం తిన్నాక పాలకు ఎంతసేపు ఆగాలన్నదీ అలాంటిదే. తాల్ముద్‌లో మార్ ఉక్వా అనే ఆయన, తండ్రితో పోలిస్తే తాను ద్రాక్షారసానికి పుట్టిన వెనిగర్‌ని అంటాడు. తండ్రి ఈ రోజు మాంసం తింటే రేపు ఈ వేళ దాకా జున్ను ముట్టడట. తానైతే ఈ భోజనంలో తినడు, తర్వాతి భోజనంలో తినేస్తాడట. ఈ "తర్వాతి భోజనం" ఎన్ని గంటలకు అన్నదాని మీదే తేడాలు. ఎక్కువమందికి 6 గంటలు, జర్మనీ నుంచి వచ్చిన సబా కుటుంబానికి 3, హాలెండ్ యూదులకు ఒకటే.

శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం రాత్రి దాకా షబ్బాత్, వాళ్ళ విశ్రాంతి దినం. లైటు వేయరు, ఆర్పరు. ఒకసారి చీకట్లో చదువుతున్నారని నేను వెళ్ళి లైటు వేస్తే, పుస్తకం మూసి గదిలోంచి వెళ్ళిపోయారు. యూదుడు కానివాడు తనకోసం వెలిగించుకున్న దీపం వాడుకోవచ్చు, యూదుడి కోసం వెలిగిస్తే కూడదని మిష్నా చెబుతుందట. ఆ తర్వాత ప్రతి శుక్రవారం రాత్రి నా ఫోను ఛార్జర్ పోయేది, వెతకడానికి లైటు వేసుకునేవాణ్ణి. నిజంగా పోయిందా అని ఆయన ఎన్నడూ అడగలేదు.

నీతి సంగతికి వస్తే, చాలామంది హిల్లెల్ అనే ప్రాచీన యూదు పండితుడి మాటతో మొదలుపెడతారు: నీకు ఏది హేయమో దాన్ని పొరుగువాడికి చేయకు. మనకు తిక్కన పద్యం "ఒరులేయవి యొనరించిన" ఉంది కదా, దాని అర్థం చెబితే సబా సంతోషించారు. కానీ హిల్లెల్ మాట అక్కడితో ఆగలేదని, "మిగతాదంతా దీనికి వ్యాఖ్యానమే, వెళ్ళి చదువు" అని కూడా ఉందని గుర్తుచేశారు. నీతివాక్యాలే కావాలంటే పిర్కే అవోత్ అనే చిన్న పుస్తకం చాలు. నాకు మాత్రం ఆస్తి తగాదాల భాగంలోనే నీతి ఎక్కువ కనిపించింది.

ఒక సాయంత్రం సబా, ఆయన స్నేహితుడు గదిలో అరుచుకుంటున్నారు. "నాకు దొరికింది!" "కాదు, నాకు!" ఎనభై దాటినవాళ్ళు కొట్టుకుంటారేమోనని పరుగెత్తాను. తీరా చూస్తే తాల్ముద్‌లోని ఆ ఆస్తి తగాదాల భాగం, బావా మెట్సియాలో మొదటి మిష్నా చదువుతున్నారు. ఇద్దరు ఒకే వస్త్రం పట్టుకుని ఎవరికి వారు మొత్తం తనదే అంటారు. ఒక్కొక్కరూ తన వాటా సగానికి తక్కువ కాదని ప్రమాణం చేసి చెరిసగం పంచుకోవాలి. ఒకడు మొత్తం నాది, రెండోవాడు సగం నాది అంటే? నేను గట్టు తగాదాల పంచాయితీలు చూసినవాణ్ణి, చెరిసగమే అన్నాను. తప్పు. రెండోవాడే సగం వదులుకున్నాడు, తగాదా మిగిలిన సగం మీదే. దాన్ని పంచితే మొదటివాడికి మూడు పాళ్ళు, రెండోవాడికి ఒక పాలు.

కాబట్టి ఆదికాండం నుంచి వరుసగా రావద్దు. మీకు వింతగా తోచిన ఒక ఆచారం పట్టుకుని వెనక్కి నడవండి. సెఫారియా సైటులో మూలం, ఆంగ్లానువాదం ఉచితంగా దొరుకుతాయి. కోడి సంగతి తాల్ముద్‌లో హుల్లిన్ అనే భాగం 8వ అధ్యాయంలో, వస్త్రం తగాదా బావా మెట్సియా మొదట్లోనే ఉన్నాయి. ఒకటో ఆకు కనిపించడం లేదని మాత్రం కంగారుపడకండి. తాల్ముద్‌లో దాదాపు ప్రతి భాగం లెక్కా రెండో ఆకుతోనే మొదలవుతుంది.