పై నట్టు విప్పేముందు

చిన్నా,

ఆదివారం మీ నాన్న ఫోన్ చేశాడు. నువ్వు కొన్న ఆ ఆరెంజ్ రంగు డాట్సన్‌కి ముందు స్ట్రట్లు, అదే చక్రాల పైన కుదుపు ఆపే స్ప్రింగు గొట్టాలు, నీ చేత్తో నువ్వే మారుస్తానంటున్నావట. "మెకానిక్‌కి ఇచ్చెయ్యమని నువ్వైనా చెప్పు అన్నయ్యా" అన్నాడు. సరేలే అని పెట్టేశాను గానీ ఆ మాట నేను చెప్పను. 1972 నాటి 240జెడ్ కొనుక్కుని, దాన్ని షెడ్డుకు అప్పగించి, కాఫీ తాగుతూ దూరం నుంచి చూసేవాడికి ఆ కారెందుకు? మా ఇంట్లో నా తర్వాత చేతులకి గ్రీజు పూసుకునేవాడు ఒకడు పుట్టాడని సంతోషమే. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అదెందుకో కాసేపట్లో రాస్తాను.

నువ్వు పంపిన ఫొటోలు మీ దొడ్డమ్మ ఐప్యాడ్‌లో పెద్దవి చేసి చూశాను. కుడి స్ట్రట్ గొట్టం పొడుగునా నూనె కారి, దాని మీద దుమ్ము పేరుకుని నల్లగా ఉంది. అది పోయింది, అనుమానం లేదు. ఎడమది బాగానే ఉందన్నావు. బాగున్నా సరే, రెండూ మార్చు. ఒక కాలికి కొత్త చెప్పు, ఇంకో కాలికి అరిగిన చెప్పు వేసుకుని ఎవడైనా పరిగెత్తుతాడా? కారు కిందికి దిగేలా పొట్టి స్ప్రింగులు కూడా చూస్తున్నావని విన్నాను. ఇప్పుడొద్దు. స్ప్రింగు పొట్టిదైతే గొట్టం లోపల కుదుపు మింగే కాట్రిడ్జి ఆడటానికి చోటు తగ్గిపోయి, చిన్న గుంతకే వెళ్ళి బంప్ స్టాప్ అనే రబ్బరు దిమ్మ మీద కూర్చుంటుంది. ముందు పాత స్ప్రింగులతోనే నడిపి చూడు.

పని మొదలుపెట్టేముందు బానెట్ ఎత్తి, స్ట్రట్ పై కొసని మూడు నట్లతో బిగించిన చోట రేకుని స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడు. లోపలికి దిగిందంటే పని ఆపేసి నాకు ఫోన్ చెయ్యి. మీ డల్లాస్‌లో ఉప్పు గొడవ లేదు గానీ, ఆ కారు యాభై ఏళ్ళలో ఏయే ఊళ్ళు తిరిగిందో ఎవరికి తెలుసు! 1981లో కొలంబస్‌లో ఇలాంటిదే ఒకటి నా చేతికొచ్చేసరికి, చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు దాన్ని సగం తినేసింది. పక్క సీటు కింద కార్పెట్ ఎత్తితే రోడ్డు కనిపించేది. పెళ్ళయి కొత్తగా వచ్చిన మీ దొడ్డమ్మని ఆ చిల్లు మీద అట్టముక్క వేసి కూర్చోబెట్టాను. ఇప్పటికీ ఎవరైనా చుట్టాలొస్తే మొదట చెప్పేది అదే.

సరే, పని. చక్రాల నట్లు కారు నేల మీద ఉండగానే వదులు చెయ్యి. జాకీతో లేపు, కానీ జాక్ స్టాండ్ల మీద ఆనించాకే కింద చెయ్యి పెట్టు. సిమెంటు ఇటుకలు వాడావని తెలిస్తే నేనే బయల్దేరి వస్తాను. బ్రేకు క్యాలిపర్ తీసి తీగతో కట్టు, రబ్బరు గొట్టం మీద వేలాడదీయకు. బ్రేకు లైను ఎక్కడైనా విప్పాల్సి వస్తే చివర్లో గాలి తీయడం మర్చిపోవద్దు. కింద రెండు బోల్టులు విప్పితే స్టీరింగ్ ఆర్మూ బాల్ జాయింటూ అక్కడే ఉండిపోతాయి, వాటి జోలికి పోనక్కర్లేదు. పైన మూడు నట్లు విప్పేటప్పుడు స్ట్రట్‌ని ఒక చేత్తో పట్టుకో, హబ్బుతో సహా ఊడి వస్తుంది, బరువుంటుంది. కుడి ఎడమలు కలిసిపోకుండా సుద్దతో గుర్తు పెట్టుకో.

ఆ మూడు నట్ల మధ్యలో ఇంకొకటి ఉంటుంది, పెద్దది. ఎలాగూ పానా చేతిలో ఉంది కదా, అదీ విప్పేద్దామనిపిస్తుంది. విప్పకు. ఈ ఉత్తరం ఆ నట్టు గురించే.

మీ నాన్న టీ కప్పు పట్టుకుంటే ఎడమ చిటికెన వేలు దొరగారిలా బయటికి నిలబడుతుందని చిన్నప్పుడు నువ్వు వెక్కిరించేవాడివి. అదేమిటని అడిగితే క్రికెట్ బంతి తగిలిందని చెప్పాడు కదూ? మీ నానమ్మకీ అదే చెప్పాం. అది క్రికెట్ కాదు.

1984 జనవరి. ఎమ్మెస్ చదువుతూ సెలవులకి నా దగ్గరికి వచ్చాడు. అద్దె ఇంటి గరాజులో, పక్కన చిన్న హీటర్ పెట్టుకుని, ఇద్దరం స్ట్రట్లు దించాం. ఆదివారం సాయంత్రం. తెల్లారితే నేను ఆఫీసుకి అదే కారులో వెళ్ళాలి. స్ప్రింగుని నొక్కి పట్టడానికి అద్దెకి తెచ్చిన స్ప్రింగ్ కంప్రెసర్ రెండు కడ్డీల్లో ఒకదాని కొక్కెం కొంచెం వంగి ఉంది. తెచ్చినప్పుడే చూశాను. మళ్ళీ వెళ్ళి మార్చుకునే ఓపిక లేక ఊరుకున్నాను. ఆ కొక్కెం చుట్ట మీద నిలవక జారి జారి, రెండో కడ్డీ దగ్గరికే వచ్చేసింది. రెండూ ఒకే పక్క అన్నమాట. నేను బిగిస్తూనే ఉన్నాను. ఆ పక్క చుట్టలు దగ్గరపడ్డాయి, రెండో పక్క అలాగే ఉంది. స్ప్రింగు అరటికాయలా వంగింది. "అన్నయ్యా, ఇది వంగుతోంది" అన్నాడు మీ నాన్న. నేను వాడి మొహం కూడా చూడలేదు. "నీకేం తెలుసు, గట్టిగా పట్టుకో" అని కసిరి, మధ్య నట్టు మీద పానా వేశాను.

ఆఖరి మర ఊడగానే తుపాకీ పేలినట్టు చప్పుడు. స్ట్రట్ పై కొసనున్న మౌంటు ఎగిరి గరాజు పైకప్పుకి తగిలి, నా వెనకాల పడింది. కడ్డీ ఒకటి గోడకి కొట్టుకుంది. ఏమైందో నాకు అర్థమయ్యేలోపే మీ నాన్న చెయ్యి ఒళ్ళో దాచుకుని నేల మీద కూర్చుండిపోయాడు. అరవలేదు. మా కారు స్టాండ్ల మీద ఉంది, ఆసుపత్రికి పక్కింటాయన తీసుకెళ్ళాడు. ఆయన సీటు మీద రక్తం పడుతుందేమోనని, నీళ్ళు గడ్డకట్టే ఆ చలిలో, దారి పొడుగునా చెయ్యి కిటికీ బయట పెట్టుకుని కూర్చున్నాడు మీ నాన్న. నేను వెనక సీట్లో ఉన్నాను. ఆ కిటికీ ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది. ఒక అంగుళం ఇటు జరిగి ఉంటే అది వేలు కాదు, తల.

కాబట్టి చెప్పేది విను. స్ట్రట్ కారు నుంచి ఊడొచ్చినా స్ప్రింగు రెండు పళ్ళేల మధ్య నొక్కుకునే ఉంటుంది. దాన్ని ఆపి ఉంచేది ఆ మధ్య నట్టొక్కటే. కంప్రెసర్ అద్దెకి తెస్తే షాపులోనే కొక్కేలూ మరలూ పట్టి చూడు, తేడా ఉంటే అక్కడే వదిలేసి రా. మరలకి గ్రీజు రాయి. రెండు కడ్డీలూ ఎదురెదురుగా ఉండాలి, వీలైనన్ని ఎక్కువ చుట్టలు పట్టాలి. ఇటు నాలుగు తిప్పులు, అటు నాలుగు తిప్పులు. నట్లు తిప్పే ఎయిర్ గన్ వాడకు. స్ప్రింగు పళ్ళెంలో వదులై, చేత్తో తిప్పితే తిరగాలి. తిరగకపోతే ఇంకా బిగించాలన్నమాట. తిరిగాకే ఆ మధ్య నట్టు విప్పాలి. అప్పుడు కూడా స్ట్రట్ పై కొస మనుషుల వైపు ఉండకూడదు, నీ మొహం దాని మీదకి వంగకూడదు.

తర్వాతిదంతా తేలికే. గొట్టం మూతికున్న గ్లాండ్ నట్ తుప్పుతో మొండికేస్తుంది, రెండు రోజుల ముందు నుంచే నూనె పోసి ఉంచు. లోపలి పాత సరుకంతా తీసి శుభ్రం చేశాక, కొత్త కాట్రిడ్జి దించేముందు గొట్టంలో కాస్త ఇంజన్ ఆయిల్ పొయ్యి. కాట్రిడ్జి వేడి గొట్టానికి చేరేది దాని ద్వారానే. నిండా పోస్తే వేడెక్కి పొంగుతుంది. పెట్టెలో స్పేసర్ రింగు ఇచ్చి ఉంటే ఎందుకిచ్చాడో కాగితం చదువు. కొత్త గ్లాండ్ నట్ కాట్రిడ్జిని కదలకుండా నొక్కి పట్టాలి, లేదంటే గుంత వచ్చినప్పుడల్లా టకటకమని కొట్టుకుంటుంది. మెరిసే రాడ్‌ని పొరపాటున కూడా ప్లయర్‌తో పట్టకు, గీత పడితే సీలు కోసుకుపోతుంది. అన్నీ బిగించాక అలైన్‌మెంట్ షాపుకి తీసుకెళ్ళి టో, అంటే ముందు చక్రాలు నేరుగా చూస్తున్నాయో లేదో, చూపించు. కాంబర్, అంటే చక్రం పక్కకి వాలే కోణం, సర్దే ఏర్పాటు ఫ్యాక్టరీ ఇవ్వలేదు, దానికి డబ్బు అడిగితే ఇవ్వకు.

నా పాత పైపు రెంచి రేపు పార్సిల్ వేస్తున్నాను. గ్లాండ్ నట్‌కి అదే పనికొస్తుంది. పిడి మీద ఎర్ర టేపు నేను చుట్టిందే, తీసెయ్యకు.

మీ నాన్నని కూడా పిలువు. పిలవకపోతే చిన్నబుచ్చుకుంటాడు. చేతులు జేబుల్లో పెట్టుకుని గరాజు గుమ్మం దగ్గర నిలబడమను, ఏదీ పట్టుకోనివ్వకు. వంగుతోంది అని ఆయన అంటే మాత్రం, ఆపెయ్యి.

మీ పెదనాన్న